పొగ తాగిన పాపమా? మెదడు కణితి మీద కర్మ తీర్పు

ఆరోగ్యం–కులం సిరీస్‌లో ఇది ఆరో భాగం. కాస్త పొడుగే ఉంటుంది. మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే మన పిల్లలు మాత్రం చివరిదాకా చదవండి. ఈసారి పని మీతోనే.

మన మనిషికి తలలో గడ్డ వచ్చిందంటే ఆసుపత్రిలో అడుగుపెట్టిన కాసేపటికే ఒక తీర్పు వెలువడుతుంది.

"బీడీలు తాగుతావా?"

"తాగుతానయ్యా."

"మరి అందుకే వచ్చింది."

అంతే. కేసు కొట్టేసినట్టే. అరవై ఏళ్ల మనిషిని "నువ్వు" అని పిలిచి చెప్పిన ఆ మాట విన్నాక ఆయన ఇంకో ప్రశ్న అడగడు. తలొంచుకుంటాడు. పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ భార్య కూడా అడగదు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా అదే మాట అంటారు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా" అన్న సామెతకి తెల్లకోటు తొడిగితే వచ్చేది ఈ తీర్పే.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. మెదడులోనే పుట్టే గ్లయోమా అనే కణితికి పొగ కారణమని సైన్స్ తేల్చలేదు. ఆ కణితి ఎంత ప్రమాదకరమో నిర్ణయించేవి చాలావరకు దాని లోపలి జన్యు మార్పులు. ఆ మార్పులేమిటో చెప్పే పరీక్ష చెయ్యకుండా "పొగ తాగావు" అని చెప్పి పంపించడం వైద్యం కాదు. అది కర్మ సిద్ధాంతం.

ఇది చదివి పొగాకు కంపెనీలు సంబరపడక్కర్లేదు. వాటి వాటా కింద ఉంది.

ముందు సైన్స్ సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. ఏయే పదార్థాలు మనిషికి క్యాన్సర్ తెస్తాయో సాక్ష్యాలు చూసి తేల్చేది అదే. పొగ తాగడం వల్ల వచ్చే క్యాన్సర్లను అది వరసపెట్టి చెప్పింది. ఊపిరితిత్తులు, నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కడుపు, క్లోమం, కాలేయం, మూత్రపిండం, మూత్రాశయం, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వారం, ఒక రకం రక్త క్యాన్సర్. ఇంకా ఉన్నాయి. భయపెట్టే జాబితా. కానీ అందులో మెదడు లేదు.

వెతక్క వదిలేశారనుకోకండి. వెతికారు. బ్రిటన్‌లో మిలియన్ విమెన్ స్టడీ అని ఒకటుంది. 12 లక్షల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2008లో ఫలితాలు అచ్చేశారు. గ్లయోమాకీ పొగకీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. వేరువేరు దేశాల పరిశోధనలను కలిపి లెక్కేసినప్పుడు అక్కడక్కడా చిన్న తేడా తేలింది. ఆ తేడా శాతాల్లో ఉంది. అదే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అయితే పొగ తాగేవాళ్లకి ముప్పు 15 నుంచి 30 రెట్లు. శాతాలకీ రెట్లకీ తేడా తెలిసినవాడెవడూ ఆ రెండింటినీ ఒకే గొంతుతో చెప్పడు.

ఇంకో సాక్ష్యం ఉంది. పొగ కణాల్లో తన వేలిముద్ర వదిలిపెడుతుంది. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని లెక్కగట్టింది. రోజుకో ప్యాకెట్ చొప్పున ఏడాది పాటు సిగరెట్లు తాగితే ఊపిరితిత్తుల్లో ఒక్కో కణంలో సగటున 150 జన్యు మార్పులు పేరుకుంటాయి. స్వరపేటికలో 97, నోట్లో 23. ఆ మార్పుల వరసకి ఒక తీరు ఉంటుంది. దానికి శాస్త్రవేత్తలు నాలుగో నంబరు ముద్ర అని పేరు పెట్టుకున్నారు. గ్లయోమాల్లో అన్నిటికన్నా ప్రాణాంతకమైన గ్లయోబ్లాస్టోమా జన్యువుల్ని చదివితే ప్రధానంగా కనిపించేది ఆ ముద్ర కాదు. వయసు మీదపడే కొద్దీ కణాల్లో వాటంతటవే జరిగే పొరపాట్ల ముద్ర.

అంటే వేలిముద్రలు సరిపోలకుండానే మన మనిషిని దోషిగా నిలబెడుతున్నారు. పోలీస్ స్టేషన్లలో ఇది మనకి అలవాటే. ఇప్పుడు ఓపీ గదిలో కూడా జరుగుతోంది.

జన్యువు అంటే పుట్టుక కాదు

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. "పొగ కాదు, జన్యువులు" అనగానే మనోళ్లు ఇంకా బెదిరిపోతారు. "వంశంలో ఉందేమో", "పిల్లలకి కూడా వస్తుందేమో", "రక్తమే అంత". పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టిన దేశంలో "జన్యు" అన్న మాట తిన్నగా కులం చెవిలోకే పోతుంది.

అందుకే స్పష్టంగా చెప్పుకుందాం. కణితిలో కనిపించే జన్యు మార్పుల్లో అత్యధికం అమ్మానాన్నల నుంచి వచ్చినవి కావు. మనిషి పుట్టాక ఎప్పుడో ఒక కణంలో మొదలై ఆ కణం పిల్లల్లో మాత్రమే ఉంటాయి. మిగతా ఒంట్లో ఉండవు. బిడ్డలకి పోవు. గ్లయోమాలు కుటుంబంలో ఒకరికి మించి కనిపించేది నూటికి ఐదు చోట్ల. లి–ఫ్రామెనీ లాంటి అరుదైన వారసత్వ జబ్బులు కొన్ని కుటుంబాల్లో ఉన్న మాట నిజమే కానీ వాటిని అందరికీ అంటగట్టడం తప్పు.

రక్తం శుద్ధి పేరుతో, జాతి మెరుగు పేరుతో కులాన్ని సమర్థించినవాళ్లకి బాబాసాహెబ్ 1936లోనే కుల నిర్మూలనలో జవాబు చెప్పారు. ఆ పాత వాదమే ఇప్పుడు "జీన్స్" అని కొత్త చొక్కా వేసుకుని వస్తోంది. కణితిలో ఉన్న మార్పు ఆ కణితి చరిత్ర. అది మనిషి కులమూ కాదు, గుణమూ కాదు.

అసలు తీవ్రత ఎక్కడ రాసి ఉంటుంది

2008లో అమెరికా శాస్త్రవేత్తలు గ్లయోబ్లాస్టోమాల జన్యువులు చదువుతూ ఐడీహెచ్1 అనే జన్యువులో ఒక మార్పు పట్టుకున్నారు. చాలా మందిలో అది ఒకే ఒక్క అక్షరం మార్పు. ఆ మార్పు ఉన్నవాళ్లు వయసులో చిన్నవాళ్లు, లేనివాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఆ ఒక్క అక్షరం మెదడు కణితుల లెక్కంతా తిరగరాసింది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన వర్గీకరణ ఏమంటుందో చూడండి. పెద్దవాళ్లలో ఐడీహెచ్ మార్పు ఉన్న కణితిని ఇక గ్లయోబ్లాస్టోమా అనకూడదు, మైక్రోస్కోపులో ఎంత భయంకరంగా కనిపించినా సరే. ఐడీహెచ్ మార్పుతో పాటు 1పీ, 19క్యూ అనే రెండు క్రోమోజోమ్ ముక్కలు పోయి ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లయోమా. మందులకి బాగా లొంగుతుంది, సరైన చికిత్స అందితే చాలామంది పదేళ్లు దాటి బతుకుతారు. అదే ఐడీహెచ్ మార్పున్న ఆస్ట్రోసైటోమాలో సీడీకేఎన్2ఏ అనే జన్యువు పూర్తిగా పోయి ఉంటే నేరుగా నాలుగో గ్రేడు. ఐడీహెచ్ మార్పు లేకుండా టెర్ట్ ప్రమోటర్ మార్పో, ఈజీఎఫ్ఆర్ పెరుగుదలో ఉంటే, మైక్రోస్కోపులో ఆస్ట్రోసైటోమా నెమ్మదిగా కనిపించినా అది గ్లయోబ్లాస్టోమాయే.

ఇక చికిత్స సంగతి. 2005లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉన్న గ్లయోబ్లాస్టోమా రోగులు రేడియేషన్‌తో పాటు టెమొజోలొమైడ్ మందు తీసుకుంటే సగటున 21.7 నెలలు బతికారు, రేడియేషన్ ఒక్కటే అయితే 15.3 నెలలు. ఆ జన్యువు తెరిచి ఉన్నవాళ్లలో మాత్రం మందు కలిపినా తేడా తక్కువే, 12.7 నెలలకీ 11.8 నెలలకీ మధ్య. 2024 ఆగస్టులో అమెరికాలో వోరాసిడెనిబ్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. అది ఐడీహెచ్ మార్పున్న రెండో గ్రేడు కణితులకే పనికొస్తుంది. పరీక్షే జరగనివాడికి ఆ మాత్ర ఉన్నట్టా, లేనట్టా?

ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరున్నారనుకోండి. ఇద్దరూ బీడీలు తాగినవాళ్లే. ఎమ్మారైలో ఇద్దరి కణితులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒకరి కాలం నెలల్లో లెక్క, ఇంకొకరి కాలం ఏళ్లలో లెక్క. ఆ తేడా బీడీ చెప్పదు. బయాప్సీ ముక్కకి చేసిన పరీక్ష చెబుతుంది. అందుకే "అందుకే వచ్చింది" అన్న మాట ఉత్త తప్పు మాట కాదు. అడగాల్సిన ప్రశ్నని చంపేసే మాట.

మరి దేనివల్ల వస్తుంది?

చాలామందికి ఇదీ కారణమని చూపించలేరు. గట్టిగా రుజువైన బయటి కారణం ఒకటుంది, తలకి ఎక్కువ మోతాదులో తగిలే రేడియేషన్. దాని చరిత్ర కూడా వినండి. ఇజ్రాయెల్‌లో 1948 నుంచి 1960 దాకా తలతామర వైద్యం పేరుతో వేలమంది పిల్లల తలలకి ఎక్స్‌రే పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్యం నుంచి వలసొచ్చిన పేద యూదుల పిల్లలు. ఆ దేశంలో కింది మెట్టు మీద ఉన్నవాళ్లు. 1988లో లెక్క తీస్తే ఆ పిల్లల్లో మెదడు పొర మీద వచ్చే మెనింజియోమా కణితి ముప్పు 9 రెట్లు దాటింది. గ్లయోమా కూడా పెరిగింది. 1994లో నష్టపరిహారం చట్టం తెచ్చారు.

గమనించారా? కారణం రుజువైన చోట చెయ్యి ప్రభుత్వానిది, డాక్టరుది. కారణం రుజువు కాని చోట వేలు మాత్రం పేదవాడి బీడీ వైపు.

ఇప్పుడు కంపెనీల వాటా

"జన్యువులే కారణం" అన్న మాటని కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఆ మాటతో కోట్లు కాపాడుకున్నవాళ్లున్నారు. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు పొగకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం చూపించారు. దాన్ని ఎదిరించినవాడు రోనాల్డ్ ఫిషర్. ఆధునిక గణాంక శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు. యూజెనిక్స్‌ని, అంటే మనుషుల్లో "మేలుజాతి" పెంచాలనే సిద్ధాంతాన్ని, నమ్మినవాడు. పొగ తాగే అలవాటునీ, క్యాన్సర్‌నీ రెండింటినీ ఒకే జన్యువు తెస్తోందేమో అని 1957, 58లలో పత్రికలకి రాశాడు. అప్పుడు ఆయన బ్రిటిష్ పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారు కూడా. ఆయన వాదం నిలబడలేదు. కానీ ఆలోపు సందేహం అనే సరుకు బాగా అమ్ముడుపోయింది.

అంటే ఒకే జన్యువు, రెండు వాడకాలు. పొగ చంపే చోట "జన్యువులు" అని కంపెనీని కాపాడారు. జన్యు పరీక్ష కావాల్సిన చోట "పొగ" అని రోగిని తిట్టారు. రెండు చోట్లా నష్టపోయింది ఒక్కడే.

పొగ ఎవర్ని చంపుతుందో మర్చిపోకండి. మెదడులో కనిపించే క్యాన్సర్లలో అక్కడ పుట్టినవాటికన్నా వేరేచోట నుంచి పాకి వచ్చినవే ఎక్కువ. అలా పాకేవాటిలో మొదటి స్థానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌ది. అక్కడ పొగ పక్కా దోషి. "తలలో గడ్డ" అన్న ఒకే మాట కింద రెండు వేరు జబ్బులున్నాయి, రెండింటికీ వైద్యం వేరు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో మన అవ్వలు మండే కొసని నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని దశాబ్దాల కిందటే రుజువైంది. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు పొగ మానేస్తే ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయి, గాయం త్వరగా మానుతుంది. కాబట్టి "మానెయ్యండి" అని చెప్పే డాక్టరు మన మంచి కోరినట్టే. "నీవల్లే వచ్చింది" అనే డాక్టరు సంగతి వేరు.

బీడీ పేదవాడి చేతికి ఎవరిచ్చారు? 2016–17 జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 7.7 శాతం బీడీలు తాగుతున్నారు, సిగరెట్లు 4 శాతం. బీడీకి ఆకు కోసేది అడవిలో ఆదివాసీ. చుట్టేది నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లల్లో మన ఆడవాళ్లు, పగలంతా పొగాకు పొడి పీలుస్తూ. గుంటూరు, ప్రకాశం చేలల్లో తడి పొగాకు ఆకు కోసే కూలికి నికోటిన్ చర్మంలోంచి ఎక్కి వాంతులు, తలతిప్పు వస్తాయి. వాళ్ల కోసం 1976లో పెట్టిన బీడీ కార్మికుల సంక్షేమ సెస్సుని 2017లో జీఎస్టీ పేరుతో ఎత్తేశారు. ఒక మంత్రిత్వ శాఖ ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వెయ్యమంటుంది. ఇంకో శాఖ కింద గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఎగుమతులు చూసుకుంటుంది. దేశంలోనే పెద్ద సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉంది. మన పాలసీ డబ్బులతో సిగరెట్ వాటాలు కొని, మన చేతిలో బీడీ చూసి మొహం చిట్లిస్తారు.

కారు దిగొచ్చిన ధనిక రోగి కూడా పొగ తాగేవాడే కావచ్చు. ఆయన విషయంలో మాట "దురదృష్టం". ఆయన బయాప్సీ ముక్క పెద్ద ల్యాబుకి వెళ్తుంది. మనోడికి తీర్పు, ఆయనకి పరీక్ష.

ఏం చెయ్యాలి

"ఆ పరీక్షలు ఖరీదు, పేదలకెక్కడ కుదురుతాయి" అని మనకి మనమే చెప్పుకోవద్దు. ఖరీదైనవీ ఉన్నాయి, చౌకవీ ఉన్నాయి. ఐడీహెచ్ మార్పుల్లో నూటికి తొంభై దాకా ఒక రకానివే. వాటిని స్లైడు మీద రంగు వేసే స్టెయిన్ పరీక్షతోనే పట్టుకోవచ్చు. దానికి జన్యువంతా చదివే యంత్రం అక్కర్లేదు. 55 ఏళ్లు దాటిన మనిషిలో గ్లయోబ్లాస్టోమా లక్షణాలున్న కణితికి ఆ స్టెయిన్ నెగెటివ్ వస్తే, అంతకుముందు తక్కువ గ్రేడు కణితి లేకపోతే, చాలాసార్లు ఐడీహెచ్ కోసం ఖరీదైన పరీక్ష అవసరమే ఉండదు. మంచి పాథాలజీ విభాగమున్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఇది అడగదగ్గ కోరికే. గొంతెమ్మ కోరిక కాదు.

రోగి వెంట వెళ్లే ప్రతి కార్యకర్తా ఈ నాలుగు ప్రశ్నలు జేబులో పెట్టుకోండి.

1. ఇది మెదడులోనే పుట్టిందా, వేరేచోట నుంచి వచ్చిందా? ఛాతీ స్కాన్ తీశారా?

2. బయాప్సీ ముక్కకి ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్ స్టెయిన్లు చేశారా? రిపోర్టు కాపీ ఇస్తారా?

3. మైనం బ్లాకులు ఎక్కడ దాచారు? వేరే ల్యాబుకి పంపాలంటే మాకు ఇస్తారా?

4. ఈ కేసులో ఎంజీఎంటీ, 1పీ/19క్యూ పరీక్షలు అవసరమా? అవసరమైతే ఎక్కడ చేస్తారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

విద్యార్థి సంఘాలకి ఒక పని. మీ జిల్లా బోధనాసుపత్రికి, ఆరోగ్యశ్రీ అధికారులకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మెదడు కణితి ప్యాకేజీలో ఏయే పరీక్షలకి డబ్బు ఇస్తున్నారు? పోయిన ఏడాది ఎన్ని గ్లయోమా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎన్నింటికి ఐడీహెచ్ స్టెయిన్ చేశారు? ఈ రెండు ప్రశ్నలు చాలు. జవాబు వచ్చినా మనకి ఆయుధమే, రాకపోయినా ఆయుధమే.

ఇక డాక్టర్లు కాబోతున్న మన పిల్లలకి. మీరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు. బయట వరస పొడుగ్గా ఉంటుంది, మీకూ ఓపిక నశిస్తుంది, తెలుసు. పొగ అలవాటు గురించి తప్పకుండా అడగండి, కేస్ షీట్‌లో రాయండి, మాన్పించండి. కానీ ఆ పెద్దమనిషితో ఇలా చెప్పండి: "ఇది మీరు చేసుకున్నది కాదండీ. బీడీ మాత్రం ఈరోజు నుంచి మానెయ్యండి. ఇది ఏ రకం కణితో తెలియాలంటే ఈ పరీక్ష చేయించాలి, చీటీ రాస్తున్నాను." చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

వచ్చే భాగంలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల గురించి రాస్తాను. ఆర్టీఐ దరఖాస్తు పెట్టినవాళ్లు నకలు నాకు పంపండి. అన్నీ కలిపి చూద్దాం.

జై భీమ్.